అతిథులకు మాత్రమే

అటికమామిడి కాండాన్ని పలచగా ఎలా కోయాలో రాజశ్రీ మళ్లీ చూపిస్తోంది. "బ్లేడు నొక్కొద్దు, మీ వైపుకి లాగాలి. ఉల్లిపొర కంటే పలచగా రావాలి," అంటూ కోసిన ముక్కల్ని నీళ్ల గిన్నెలోకి జారవిడిచింది. బీఎస్సీ అమ్మాయిలు బల్ల చుట్టూ మూగి వంగి చూస్తున్నారు. పద్మశ్రీ మాత్రం వంగలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది.

తన వంతు వచ్చాక ఆ పిల్ల కోసిన ముక్క వంకరగా, మందంగా వచ్చింది. ఎర్రరంగు చుక్క గాజు పలక మీద పడాల్సింది పోయి బల్ల మీద పడింది. రాజశ్రీ దగ్గరికెళ్లి భుజమ్మీద చెయ్యి వేసింది. బట్టల మీంచే వేడి తెలిసింది.

"జ్వరంగా ఉందా?"

"వస్తుంది, పోతుంది మేడమ్." పద్మశ్రీ గొంతు తగ్గించింది. "మూత్రంల ఇన్ఫెక్షన్ అన్నరు దవాఖానల. గోళీలిచ్చిన్రు. మస్తు నీళ్లు తాగమన్నరు. తాగితే ఏడికి పోవాలె మేడమ్?"

"అదేంటి, లైబ్రరీ పక్కన కొత్తది కట్టారు కదా!"

అమ్మాయిలు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో ఒకతె, "దానికి తాళమేసిన్రు మేడమ్," అంది. "సున్నాలేసిన కాణ్నుంచి తాళమే ఉంది."

రాజశ్రీకి ఆ మాట చెంప మీద తగిలినట్టయింది. ఆ గదులు ఆమె అడిగితే వచ్చినవే. తనూ ఇక్కడే చదివింది. ఇప్పుడు ఇక్కడే గంటల లెక్కన వృక్షశాస్త్రం చెప్తోంది. పూర్వ విద్యార్థుల సంఘానికి సమన్వయకర్త అని ప్రిన్సిపల్ ఆ పనీ ఆమెకే అంటగట్టాడు. వేసవంతా ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. 'మన కాలేజీలో ఆడపిల్లలకి సరైన బాత్రూములు లేవు, మనమేదైనా చేద్దాం,' అని గ్రూపులో రాసింది కూడా తనే.

మైక్రోస్కోపులు తడిగుడ్డతో తుడిచి పెట్టమని చెప్పి కిందికి దిగింది.

కొత్త గదులు ఎండలో తళతళలాడుతున్నాయి. లేత గులాబీరంగు టైల్స్, తలుపు పక్కన నల్ల గ్రానైట్ పలక. 'కీ.శే. అన్నపూర్ణమ్మ గారి స్మారకార్థం, వారి కుమారుడు పవన్‌కుమార్, పూర్వ విద్యార్థి' అని బంగారు అక్షరాలు. తలుపుకి పిడికిలంత తాళం. నీడలో స్టూలు వేసుకుని అటెండర్ మొగిలయ్య కూర్చుని ఉన్నాడు.

"తాళం తియ్యి మొగిలయ్యా."

"నా తాన యాడుంది మేడమ్ చెవి? కట్టిచ్చిన సారే పట్కపోయిండు. ఐతారం దాక ఎవ్వరినీ దగ్గరికి రానియ్యొద్దని ప్రిన్సిపాల్ సార్ నన్ను ఈడ కూసోబెట్టిండు." లేచి నిలబడి చేతులు నలుపుకున్నాడు. "పొద్దున గా పద్మశ్రీ బిడ్డ వచ్చింది. ఎల్లగొట్టిన. ఏం జెయ్యాలె?"

రాజశ్రీ బిల్డింగు వెనక్కి వెళ్లింది. పాత బాత్రూము తలుపుకి గడియ లేదు. గడియ ఉండాల్సిన కన్నంలోంచి ఎవరో చున్నీ ముక్క కట్టి వదిలారు. కుళాయి తిప్పితే గాలి సుయ్యిమంది. గచ్చు మీద పచ్చగా, జారుడుగా ఏదో పేరుకుంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా కళ్లు మండాయి. తను చదువుకున్నప్పుడు కూడా ఇలాగే ఉండేది. తను కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడిపేది.

ప్రిన్సిపల్ త్రిమూర్తులు ఆమె చెప్పిందంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లు ఆగినవాళ్లు ఆదివారం దాకా ఆగలేరా రాజశ్రీ?"

"ఆ అమ్మాయికి జ్వరం సార్."

"సెలవు పెట్టమను. వీళ్లు వాడితే ఎలా తయారవుతుందో నీకు తెలీదా? ఏవేవో పడేసి జామ్ చేస్తారు. ఆదివారం పూర్వ విద్యార్థులు కుటుంబాలతో వస్తున్నారు. వచ్చే నెల కాలేజీకి గ్రేడిచ్చే నాక్ వాళ్లొస్తారు. 'పూర్వ విద్యార్థుల సహకారం' అన్న చోట మనం చూపించుకోడానికి ఉన్నదదొక్కటే. కొత్తగా ఉండాలి కదా!" అన్నాడు. తర్వాత గొంతు మెత్తబరచి, "రేపు నువ్వెలాగూ బ్యాడ్జీల కోసం పవన్‌కుమార్ గారి షోరూంకి వెళ్తావు. అడిగి చూడు. ఆయనిస్తే నాకేం అభ్యంతరం?" అన్నాడు.

*

మర్నాడు సాయంత్రం నాచారంలో షేర్ ఆటో ఎక్కి హబ్సిగూడలో దిగింది. ఉప్పల్ రోడ్డు మీద, మెట్రో స్తంభాలకి ఎదురుగా ఉంది పవన్‌కుమార్ షోరూం. లోపల చల్లగా ఉంది. రెండు వరసల్లో తెల్లటి కమోడ్లు మూతలు తెరుచుకుని దీపాల కింద మెరుస్తున్నాయి. ఒక్కదానికీ గొట్టం లేదు, నీళ్లు లేవు. గోడకి వేలాడదీసిన కుళాయిల కింద అద్దాల బేసిన్లు పొడిగా ఉన్నాయి.

క్యాష్ కౌంటర్లో పవన్‌కుమార్ భార్య సత్యవేణి కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకున్న సేల్స్ అమ్మాయి ఒకతె ఆమె దగ్గరికొచ్చి చెవిలో ఏదో అడిగింది.

"ఇందాకే కదా వెళ్లొచ్చావు?" సత్యవేణి అందరికీ వినబడేలాగే అంది. "సరే, తొందరగా రా. ఆ ఎదురు హోటలు వాళ్లు మొన్న నాకు ఫోన్ చేశారు, మీ స్టాఫంతా మా బాత్రూముకే వస్తున్నారని. తలకొట్టేసినట్టయింది నాకు."

ఆ అమ్మాయి తల వంచుకుని రోడ్డు దాటడానికి వెళ్లింది. ఆమె వెళ్తున్న వైపే చూస్తున్న రాజశ్రీకి అన్ని కమోడ్ల మధ్య నిలబడటమే అసహ్యమనిపించింది.

"రండి రండి, రాజశ్రీ గారూ!" పవన్‌కుమార్ లోపల్నుంచి వచ్చాడు. ఆమె కంటే నాలుగైదు బ్యాచులు ముందువాడు. బ్యాడ్జీల పెట్టె తెరిచి ఒకటి తీసి ఆమె ముందు ఆడించాడు. నీలం పట్టీ, మందమైన కార్డు, దాని మీద కాలేజీ గుర్తు, 'గౌరవ పూర్వ విద్యార్థి' అని అక్షరాలు. "ఎలా ఉంది? అదిరింది కదూ!"

"బావుందండీ. ఒక్క మాట... ఆ తాళం చెవి ఇస్తారేమోనని. పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. ఒకమ్మాయికి బాగా జబ్బు చేసింది."

పవన్‌కుమార్ నవ్వు చెదరలేదు. "మా అమ్మ పేరు మీద కట్టానండీ. దాని మీద మరక పడితే మా అమ్మ మీద పడ్డట్టే. ఆదివారం ప్రారంభం, డ్రోన్ షాట్లు, ఫొటోలు. అది అవనివ్వండి. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"కట్టింది వాళ్ల కోసమే కదండీ..."

"కాదన్నానా?" అన్నాడతను, ఆమె మాట పూర్తవకుండానే. "ఆ రోజు మీరే తలుపు దగ్గర ఉండాలి. మీరైతే మన వాళ్లందర్నీ గుర్తుపడతారు. బ్యాడ్జీ ఉన్నవాళ్లనే లోపలికి పంపండి. మొగిలయ్య ఉంటే ఆడవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది."

రాజశ్రీ తలూపింది. పెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాక, ఎందుకూపానా అనుకుంది. వచ్చే సెమిస్టర్‌లో తన క్లాసులు ఉంటాయో ఊడతాయో త్రిమూర్తులు నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఉంది. అది తెలిసిన తల దానంతటదే ఊగింది.

*

ఆదివారం పొద్దున అమ్మాయిలందరికీ ఒకే రంగు చీరలు కట్టించి గేటు దగ్గర్నుంచి స్టేజీ దాకా రెండు వరసల్లో నిలబెట్టారు. చేతుల్లో బంతిపూల రెక్కల పళ్లాలు. పవన్‌కుమార్ కారు వచ్చింది కానీ డ్రోన్ ఎగరలేదు. అది సిద్ధమయ్యేదాకా కారులోంచి ఎవరూ దిగలేదు. ఎండ నడినెత్తికెక్కుతోంది. పళ్లాల్లో పూరెక్కలు వాడి ముడుచుకున్నాయి.

తలుపు దగ్గర రాజశ్రీకి కుర్చీ వేశారు. 'అతిథులకు మాత్రమే' అని అట్టముక్క ఒకటి తలుపుకి అంటించారు. రిబ్బను కత్తిరించడం, కొబ్బరికాయ, చప్పట్లు అయ్యాక ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "అబ్బ, స్టార్ హోటల్లా ఉందే!" అనుకుంటూ అద్దంలో ఫొటోలు తీసుకున్నారు. కొందరికి లోపలికెళ్లే అవసరం లేకపోయినా ఫొటో కోసమే వెళ్లొచ్చారు.

అప్పుడే లక్ష్మీనర్సమ్మ వచ్చింది. ఆమె కూడా ఇక్కడ చదివినదే, ఇప్పుడు బస్సు కండక్టరు. డ్యూటీ దిగి చీర మీద ఖాకీ చొక్కాతోనే వచ్చేసింది. వేసవిలో ఫోన్లు చేసినప్పుడు, చుట్టూ ప్రయాణికుల గోల ఉన్నా ఎత్తి మాట్లాడిన మనిషి. గేటు దగ్గర బ్యాడ్జీలిస్తున్న కుర్రాడు ఆమెని పక్కకి నిలబెట్టాడు. రాజశ్రీ చూసి తనే వెళ్లి ఒకటి తీసి మెడలో వేసింది.

"నన్ను జూసి సెక్యూరిటామె అనుకున్నట్టుండు," అంటూ లక్ష్మీనర్సమ్మ నవ్వి వెనక కుర్చీల్లోకి వెళ్లి కూర్చుంది.

మైకులో పవన్‌కుమార్ గొంతు వణికిస్తున్నాడు. "ఈ కాలేజీ నాకు కన్నతల్లి. తల్లికి కొడుకు ఏమిచ్చినా తక్కువే..."

వరసలోంచి పద్మశ్రీ మెల్లిగా జరిగి వచ్చింది. మొహం పాలిపోయింది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

"మేడమ్, ఒక్కపారి పోయొస్త మేడమ్."

రాజశ్రీ స్టేజీ వైపు చూసింది. అక్కడ కూర్చున్న త్రిమూర్తులు ఇటే చూస్తున్నాడు.

"కాసేపు ఆగమ్మా," అంది.

పద్మశ్రీ పళ్లెం రాజశ్రీ కాళ్ల దగ్గర పెట్టి బిల్డింగు వెనక్కి నడిచింది. వెళ్లిన వెంటనే తిరిగొచ్చింది.

"ఏమైంది?"

"ఆడ సార్లున్నరు మేడమ్."

రాజశ్రీ లేచి బిల్డింగు మూల దాకా వెళ్లింది. పాత బాత్రూము గోడకి ఎదురుగా ఐదారుగురు మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఇస్త్రీ కోట్లు, నీలం పట్టీలు భుజాల మీదికి తోసుకున్న బ్యాడ్జీలు. పక్కనే మగవాళ్ల బాత్రూము తలుపు తెరిచి ఉంది. అయినా గోడనే తడుపుతున్నారు. ఒకడు ఒంటిచేత్తో ఫోనెత్తి మిగతా వాళ్లని వీడియో తీస్తున్నాడు.

"మన ఫస్టియర్ గోడ రా ఇది!"

"ఏమన్నా మారిందా! అదే గోడ, అదే వాసన!"

"గ్రూపులో పెట్టరా, రానోళ్లు ఏడ్వాలి!"

నవ్వులు. ధార గోడ మీంచి కారి, తలుపు కింద నుంచి ఆడపిల్లల బాత్రూములోకే పోతోంది. ఎండకి ఆవిరి లేచింది. ఒకతను ఆమెని చూసి సగం తిరిగి, "సారీ మేడమ్, ఓల్డ్ మెమొరీస్," అన్నాడు. ఆ గొంతుని ఆమె గుర్తుపట్టింది. వేసవిలో ఫోన్ చేసినప్పుడు, 'ఆడపిల్లల కష్టం వింటే కన్నీళ్లొస్తున్నాయండీ,' అన్న గొంతది.

వెనక్కి వచ్చింది. పద్మశ్రీ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. రాజశ్రీ తన మెడలోని బ్యాడ్జీ తీసి ఆ పిల్ల మెడలో వేసింది.

"పో."

"మేడమ్, సార్ చూస్తుండు..."

"చూస్తే నన్నడుగుతారు. నువ్వు పో."

పద్మశ్రీ బయటికొచ్చేసరికి వెనక ఇంకో అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకొకతె. పద్మశ్రీ బ్యాడ్జీ తీసి తిరిగివ్వబోతే, "నాక్కాదు, ఆ అమ్మాయికి వెయ్యి," అంది రాజశ్రీ. నీలం పట్టీ ఒక మెడలోంచి ఇంకో మెడలోకి మారింది. పూల పళ్లాలు గోడ వారగా ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. స్టేజీ దాకా ఉన్న రెండు వరసలూ నెమ్మదిగా ఇటువైపు కరుగుతున్నాయి.

లక్ష్మీనర్సమ్మ లేచి వచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఏంది చెల్లె ఇది? ఒక్క బ్యాడ్జితోని ఇంతమందిని ఎప్పుడు దాటిస్తవ్?" అని తన మెడలోది తీసి ముందున్న అమ్మాయికి వేసింది. "నడువు బిడ్డా, జల్ది నడువు. ముందలికి జరగాలె!"

అమ్మాయిలు నవ్వారు. వెనక కుర్చీల్లోంచి ఇంకొందరు ఆడవాళ్లు లేచి వచ్చి తమ బ్యాడ్జీలు తీసిచ్చారు. ఒకామె రాజశ్రీ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లింది. ముందు వరసల్లోని వాళ్లు తమ బ్యాడ్జీలని పైట కింద దోపుకుని అటు తిరిగి కూర్చున్నారు.

సత్యవేణి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వచ్చింది. అమ్మాయిలు జరిగి ఆమెకి దారిచ్చారు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. లోపల గులాబీరంగు గచ్చంతా తడి, తడి మీద మట్టి పాదాల గుర్తులు. ఒకమ్మాయి బేసిన్ దగ్గర మొహం మీద నీళ్లు చిమ్ముకుంటోంది. సత్యవేణి చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, పళ్లెంలో పురుగు కనబడ్డట్టు ఉంది. వెనక్కి తిరిగి, దారిలో ఎవరికీ చీర తగలకుండా నడుచుకుంటూ వెళ్లి కారులో కూర్చుంది.

కాసేపటికి పవన్‌కుమార్ వచ్చాడు. చుట్టూ అతిథులున్నారు కాబట్టి పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

"ఏంటండీ ఇది?"

"బ్యాడ్జీ ఉన్నవాళ్లనే పంపుతున్నానండీ," అంది రాజశ్రీ. కుర్చీలోంచి లేవలేదు.

*

సోమవారం మళ్లీ తాళం పడింది. మంగళవారం పొద్దున ప్రిన్సిపల్ గదికి రమ్మని పిలుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ వెళ్లింది రాజశ్రీ. త్రిమూర్తులు ఎదురుగా పవన్‌కుమార్ కూర్చుని ఉన్నాడు. ఆమె వంక చూడలేదు. జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టి, వేళ్లతో దూరంగా తోశాడు.

"ఇదిగోండి సార్. ఇక నాకొద్దు."

"అదేంటండీ, కడిగించేస్తాం. నిన్ననే శాంతాబాయికి చెప్పాను, యాసిడ్ వేసి..."

"ఎంత కడిగిస్తే ఏం లాభం సార్?" పవన్‌కుమార్ గొంతులో నిజమైన బాధ ఉంది. "ఎవరెవరో వాడేశారు. మా ఆవిడ కళ్లారా చూసింది. రెండు రోజుల్నుంచి ముద్ద దిగడం లేదు దానికి. అలాంటి చోట మా అమ్మ పేరు ఉండటానికి వీల్లేదు. నా మనిషి వచ్చాడు, పలక తీసుకుపోతాడు. వచ్చే ఏడాది మన మీటింగ్ రిసార్టులో పెట్టుకుందాం. శుభ్రంగా ఉంటుంది."

"మరి తాళం...?" అని రాజశ్రీ అడిగింది.

అప్పుడు చూశాడు ఆమె వైపు. "ఇంకా తాళమెందుకండీ దానికి?"

చిన్న సీసాలోంచి ఏదో చేతుల మీద పోసుకుని రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. స్పిరిటు వాసన గదిలో మిగిలిపోయింది.

రాజశ్రీ అలాగే నిలబడింది. జబ్బు చేసిందని చెప్తే ఇవ్వలేదు. మీరు కట్టింది వాళ్ల కోసమే కదా అంటే ఇవ్వలేదు. ఆ పిల్లల కాళ్ల తడి తగిలిందని అసహ్యం పుట్టి ఇచ్చాడు. చెయ్యి చాచి తాళం చెవి తీసుకుంది.

మొగిలయ్య తాళం తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. పవన్‌కుమార్ పంపిన మనిషి నిచ్చెనేసుకుని డ్రిల్లింగ్ మిషన్‌తో పలక మరమేకులు విప్పుతున్నాడు. గ్రానైటు పొడి రాలుతోంది. అమ్మాయిలు చున్నీలు తల మీద కప్పుకుని నిచ్చెన కింద నుంచే లోపలికి పోతున్నారు, వస్తున్నారు. ఏ పేరు తీసేస్తున్నారో ఎవరూ తలెత్తి చూడలేదు.

ఊడ్చే శాంతాబాయి రాజశ్రీ దగ్గరికొచ్చింది. "రోజు కడుగుమంటే కడుగుత మేడమ్. ఉత్త నీళ్లతోని ఏం కడగాలె? ఫినాయిల్ లేదు, బకెట్ లేదు. ఆఫీసుల అడిగితే గది కాలేజీది కాదు, అసోసియేషనోళ్లది అంటున్రు."

మధ్యాహ్నం త్రిమూర్తులే స్టాఫ్ రూముకి వచ్చాడు. అతను ఇక్కడికి రావడం అరుదు. మిగతా లెక్చరర్లు లేచి ఏదో పనున్నట్టు బయటికెళ్లిపోయారు.

"చూశావా ఏం చేశావో! రిసార్టట! రేపు నాక్ వాళ్లొచ్చి మీ పూర్వ విద్యార్థులేరీ అంటే ఎవర్ని చూపించను? ఆ గోడకున్న కన్నాల్నా?" ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీకు నేను అప్పగించిందేంటి? పూర్వ విద్యార్థుల్ని కాలేజీకి దగ్గర చెయ్యమని. నువ్వు ఉన్నవాళ్లని తరిమేశావు. వచ్చే సెమిస్టర్ టైం టేబుల్ ఇంకా వెయ్యలేదు, గుర్తుంచుకో. ఇప్పుడే పవన్‌కుమార్ గారికి ఫోన్ చెయ్యి. నా ముందే చెయ్యి. తప్పయిపోయిందని చెప్పు."

రాజశ్రీ ఫోన్ తీసింది. పేరు వెతికి నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. త్రిమూర్తులు ముందుకి వంగాడు.

అవతల హారన్లు, ఎవరో చిల్లర అడుగుతున్న గోల.

"అక్కా, నేనే రాజశ్రీని. తాళం తీసేశారు... ఆ, నిజమే. అమ్మాయిలు వాడుతున్నారు. ఫినాయిల్ కావాలక్కా, బకెట్లు, గట్టి చీపురు. మొన్న బ్యాడ్జీలిచ్చిన వాళ్లందర్నీ ఒకసారి కలుపుదాం. నెలనెలా ఎవరో ఒకరు చూసుకునేలా... సరే. సరే అక్కా. ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టింది. చెయ్యి చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది.

త్రిమూర్తులు కుర్చీలోంచి సగం లేచాడు. "ఎవరితో మాట్లాడావు నువ్వు?"

"పూర్వ విద్యార్థితో సార్," అంది రాజశ్రీ. "ఉప్పల్ డిపోలో డ్యూటీ దిగి వస్తానంది."